మంత్రసాని సాక్ష్యం

ఏసమ్మకు అక్షరాలు వచ్చింది నంద్యాల మిషను ఆస్పత్రిలో. పదిహేనేళ్లప్పుడు అక్కడ ఆయాగా చేరి, కాన్పులు చేయడమూ చదవడమూ ఒకేసారి నేర్చుకుంది. పెళ్లయి ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలోని పల్లెకు వచ్చాక కూడా ఆ రెండూ వదల్లేదు. తెల్లారగానే గుడిసె వాకిట్లో కూచుని బైబిలులో ఒక అధ్యాయం పైకి చదివేది. నచ్చిన చోటు వెతుక్కునేది కాదు. నిన్న ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే. భర్త శాంతయ్యకు చదువు రాదు. చెన్నకేశవులు అనే పెద్దరైతు ఇంట్లో జీతగాడు. పొద్దున్నే ఎద్దుల దగ్గరికి వెళ్లేముందు గోడకు ఆనుకుని ఆ అధ్యాయం విని పోయేవాడు.

పంతొమ్మిది వందల యాభై ఏడులో, మాఘమాసంలో, ఒక శుక్రవారం సాయంత్రం చెన్నకేశవులు తమ్ముడు లక్ష్మీనారాయణను ఎవరో జొన్నచేలో నరికి చంపారు. చెరువు కింది మడి గురించి అన్నదమ్ములకు రెండేళ్లుగా మాటల్లేవని ఊరందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు పోలీసులు దూదేకుల బుడేన్‌ను పట్టుకుపోయారు. పరుపు చెడగొట్టాడని లక్ష్మీనారాయణ వారం కిందట అతన్ని నలుగురిలో కొట్టాడని, ఆ పగతోనే చంపాడని చెన్నకేశవులు మనుషులు చెప్పారు.

బుడేన్ ఒకటే అన్నాడు. "నా పెండ్లానికి నొప్పులు. నేను ఇంటికాడే ఉండా. ఏసమ్మక్కను అడగండి."

అది నిజం. ఆ మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే దాకా ఏసమ్మ అతని భార్య మదార్‌బీ దగ్గరే ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది. బుడేన్ తడిక అవతల నిలబడి, అడిగినప్పుడల్లా వేడినీళ్లు, పాత గుడ్డలు అందిస్తూనే ఉన్నాడు.

మరునాడు చెన్నకేశవులు తానే గుడిసెకు వచ్చాడు. ఏనాడూ ఆ వాకిలి తొక్కనివాడు నులకమంచం మీద కూచున్నాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు.

"ఒక్క మాట చెప్తే చాలు ఏసమ్మా. నడుమ ఒక గంట వాడు యాడికో పోయినాడని. చంపినాడని చెప్పొద్దులే. ఆ పాపం నీకొద్దు."

"అట్లా గంటసేపు యాడికీ పోలేదయ్యా."

"మా జీతగాళ్లు పదిమంది చెప్తారు. వాళ్ల మాట ఎవరు నమ్ముతారు? నువ్వు కిరస్తానీదానివి, అబద్ధం చెప్పవని చుట్టుపక్కల ఊర్లన్నిటికీ తెలుసు. నీ నోట్లోంచి వస్తే కోర్టు రాసుకుంటాది."

ఇన్నేళ్లూ నిజం చెప్పి తెచ్చుకున్న పేరును ఆయన కత్తిలా చేతిలోకి తీసుకుని పదును చూస్తున్నట్టు ఏసమ్మకు అనిపించింది. ఆయన లేచి, శాంతయ్య వైపు చూసి, "మీ గుడిసె మా దిబ్బ మీదే కదా ఉండేది" అని, నవ్వి వెళ్లిపోయాడు.

ఆ మరుసటి పొద్దున చదవాల్సిన అధ్యాయం రాజుల కథల్లోది. పొరుగువాడి ద్రాక్షతోట మీద ఒక రాజుకు ఆశ పుట్టింది. వాడు ఇవ్వనన్నాడు. రాణి ఇద్దరు సాక్షులను తెచ్చి కూచోబెట్టింది. వాళ్లు చెప్పిన అబద్ధానికి తోటవాణ్ణి ఊరి బయట రాళ్లతో కొట్టి చంపారు. అక్కడ ఏసమ్మ చదవడం ఆపింది.

"ఆ సాక్షుల పేర్లేందీ?" అన్నాడు శాంతయ్య.

ఆమె వేలితో వెతికింది. "రాయలేదు."

శాంతయ్య లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు.

అప్పటి నుంచి ఏసమ్మను కాన్పులకు పిలవడం మానేశారు. రామమ్మ అనే పొరుగుపిల్లకు నొప్పులొస్తే గోస్పాడు నుంచి వేరే మంత్రసానిని తెచ్చుకున్నారు. చెన్నకేశవులు మనిషి గురుస్వామి రోజూ ఏసమ్మ వాళ్ల సందు మలుపులో రాతి మీద కూచునేవాడు. ఏమీ చేసేవాడు కాదు. ఆమె కడవతో వస్తే లేచి దారిచ్చి, "అక్కా, కోర్టు ఎప్పుడంటా?" అని మెల్లగా అడిగేవాడు.

ఒకరోజు తెల్లవారి తలుపు లాగితే రాలేదు. బయట గొలుసు పెట్టి ఉంది. కేకేస్తే పక్కింటి ముసలామె వచ్చి తీసింది. దొంగతనం లేదు, నష్టం లేదు. ఒక్క అగ్గిపుల్లకే అంటుకునే బోదగడ్డి కప్పు గుడిసెకు బయట గొలుసు ఎవరు పెడతారో, ఎందుకు పెడతారో ఇద్దరికీ అర్థమైంది. శాంతయ్య మంచం మీద కూలబడ్డాడు.

"నువ్వు చదివిందే చెప్తాండా," అన్నాడు. "ఐగుప్తులో మంత్రసానులు రాజుకు అబద్ధం చెప్పినారు గదా. దేవుడు వాళ్లకు మేలే చేసినాడు. నువ్వూ మంత్రసానివే."

ఏసమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట ఆమె మనసులోనూ రెండు రోజులుగా తిరుగుతోంది. పుస్తకం తెరిచి ఆ చోటు మళ్లీ చదివింది. మూసింది.

"వాళ్లు బిడ్డలను బతికించనీకి చెప్పినారయ్యా. నేను చెప్తే, నా చేతులతో బయటికి తీసిన బిడ్డకు నాయన లేకుండా పోతాడు."

"నాకు భయమైతాంది ఏసమ్మా."

"నాకూ అయితాంది."

శాంతయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట మీద వాళ్లు మళ్లీ వాదించుకోలేదు.

వాయిదాకు ముందురోజు బుడేన్ తల్లి గుల్జార్‌బీ వచ్చింది. పసిబిడ్డను ఏసమ్మ ఒళ్లో పెట్టి ఏడ్చింది. పోయేముందు గొంతు తగ్గించి, "వాడు నీళ్లకు బావికాడికి పోయిన మాట చెప్పొద్దు బిడ్డా. ఆ కాస్త సందు దొరికితే చాలు, వాళ్లు వాణ్ణి ఉరికంబం ఎక్కిస్తారు" అంది.

బుడేన్ ఒక్కసారి నీళ్లకు వెళ్లిన మాట నిజమే. కడవ నిండేంత సేపు. ఆ సంగతి ఏసమ్మ ఒకరికీ చెప్పలేదు. ఆ పొద్దంతా బైబిలు ఎంత తిరగేసినా ఊరట దొరకలేదు. అన్యాయస్థుడి కోసం అబద్ధం చెప్పకూడదన్న చోటే ఆపదలో ఉన్నవాడి కోసమూ చెప్పకూడదనే ఉంది. చివరకు ఆమె చేసుకున్న ప్రార్థన చిన్నది: నా నోరు నువ్వు పట్టుకో తండ్రీ, నాకు చేతగాదు.

కోర్టు రోజున శాంతయ్య ఇంటి దగ్గరే ఉంటానన్నాడు. ఇద్దరూ పోతే ఉన్న నాలుగు వస్తువులూ మిగలవని. ఏసమ్మ ఒక్కతే నడిచి ఆళ్లగడ్డ చేరి బస్సెక్కింది. కండక్టరు టికెట్ చేతికిచ్చి, "మీది ముందే తీసుకున్యారమ్మా" అన్నాడు. వెనక్కి తిరిగితే గురుస్వామి. మర్యాదగా తలూపాడు. నంద్యాల దాకా అతను ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె మెడ వెనక అతని ఊపిరి తగులుతూనే ఉంది.

కోర్టులో బుడేన్ సగం మనిషయ్యాడు. ఏసమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టింది. చెన్నకేశవులు ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూచున్నాడు.

"ముద్దాయి ఆ సాయంత్రం ఇల్లు వదిలిపోయాడా?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"ఒక్కసారి పోయినాడయ్యా."

గుల్జార్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. చెన్నకేశవులు ముందుకు వంగాడు.

"ఎక్కడికి?"

"ఇంటి ముందర బావికి. కడవ నింపుకొని వచ్చినాడు. గిలక చప్పుడు నాకు ఇనపడతానే ఉండింది. ఆ చేను మైలు దూరం. అంతకు మించి వాడు నా పిలుపుకు పలకని గడియ లేదు."

అవతలి వకీలు లేచాడు. "గంటసేపు పట్టి ఉండొచ్చు కదా?"

"గంట కాదయ్యా. బిడ్డ అడ్డం తిరిగింది. గంటసేపు నీళ్లు లేకుంటే తల్లి నా చేతిలో మిగిలేది కాదు."

మేజిస్ట్రేటు కలం ఆపి ఆమెను చూశాడు. "ఈ బావి సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నువ్వెందుకు చెబుతున్నావు?"

"జరిగింది కాబట్టి."

ఆయన అంతా రాసుకున్నాడు. తనవాడికి చేటు చేసే మాటను కూడా దాచని మనిషి మిగతాది కల్పించదని ఆయనకు తోచింది. నాలుగు రోజులకు బుడేన్‌ను వదిలేశారు. పెళ్లాం బిడ్డలతో, తల్లితో అతను ఆత్మకూరు వెళ్లిపోయాడు. అదంతా తర్వాతి సంగతి.

ఆ రోజు ఏసమ్మ కోర్టు మెట్లు దిగేసరికి వేపచెట్టు కింద శాంతయ్య కూచుని ఉన్నాడు. ఒళ్లంతా మసి. కనుబొమలు కాలిపోయాయి. పక్కన ఒక మూట: ఆమె కాన్పు సామాను, దుప్పటి, బైబిలు.

"నువ్వు పోయిన గడియకే అంటించినారు," అన్నాడు. "మళ్లీ గొలుసు పెట్టినారు. నేను ఎనక గోడ ముందే తవ్వి పెట్టుకోనుంటి. దాన్ని తన్నుకొని బయటపడితి."

ఏసమ్మ అతని ముఖం కొంగుతో తుడుస్తూ ఏడ్చింది.

మిషను ఆవరణలో వాళ్లకు ఒక గది ఇచ్చారు. వారం తిరక్కుండా ఒక జవాను వచ్చి, అసలు హత్య కేసు తిరిగి విచారిస్తారని, ఆమెను మళ్లీ పిలుస్తారని చెప్పి వెళ్లాడు. గేటు అవతల, టీకొట్టు నీడలో, గురుస్వామి నిలబడి ఆ జవాను పోవడం చూశాడు. తర్వాత వీళ్ల గది వైపు చూశాడు.

"పిలిస్తే పోతావా?" అన్నాడు శాంతయ్య.

"పోతా."

"ఈసారి నేనూ వస్తా. బుడేన్ ఆ చేనికాడికి రాలేదని నాకూ తెలుసు. ఆ పొద్దు చేనికి పోయిందెవరో కూడా చూసినా." కాలిన కనుబొమ తడుముకున్నాడు. "ఇన్నాళ్లూ నోరు తెరవలేకపోయినా."

ఏసమ్మ అతని చెయ్యి పట్టుకుంది. అంతలో ఆస్పత్రి వరండా నుంచి ఎవరో ఆమెను పేరుపెట్టి పిలిచారు. ఎవరికో నొప్పులు మొదలయ్యాయి. ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది.