చేప అన్నవాళ్లూ, కోడి విన్నవాళ్లూ

"ఇంటర్వ్యూ అయిపోయినట్టే. ఇక సరదాగా భోజనం చెయ్యడమే" అన్నాడు ప్రొఫెసర్ ఎల్డ్రిడ్జ్. ఒహాయోలో ఏ కాలేజీలోనైనా ఈ మాట నమ్మినవాళ్లకి ఉద్యోగం రాదు. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

ట్రూడీ పావ్లిక్ నమ్మలేదు. పద్నాలుగేళ్లుగా మూడు కాలేజీల్లో గంటల లెక్కన సమాజశాస్త్రం చెబుతున్న మనిషి. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి పోయే దారిలో కారులోనే పేపర్లు దిద్దుతుంది, కారులోనే తింటుంది. ఇది పర్మినెంటు ఉద్యోగం. ఇది రాకపోతే ఆగస్టు నుంచి గంటల లెక్కన క్లాసులు కూడా ఉండవని ముందే చెప్పేశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ ఉద్యోగానికి పంటి వైద్యానికి ఇన్సూరెన్స్ ఉంది. ఏడాదిగా ఆమె కుడివైపే నములుతోంది.

భోజనానికి కూడా సిలబస్ ఉంటుంది. అన్నిటికన్నా చవకది చెప్పకూడదు, జాలి పడతారు. ఖరీదైనది చెప్పకూడదు, భయపడతారు. చేత్తో తినేది అసలే వద్దు. ట్రూడీ రాత్రంతా ఆ హోటల్ మెనూ చదివి ఆమ్లెట్ దగ్గర ఆగింది. మెత్తగా ఉంటుంది, మర్యాదగానూ ఉంటుంది.

పొద్దున ఆమె ఇచ్చిన లెక్చర్ పేరు 'సమాజంలో వర్గాలు ఎందుకున్నాయి?' కమిటీలో ఉన్నది ఇద్దరే. పదకొండేళ్లలో ఆ ఇద్దరూ ఒక్క విషయంలో కూడా ఏకీభవించలేదు. ప్రతిభ ఉన్నవాళ్లు కష్టమైన పనులు చెయ్యాలంటే పెద్ద ప్రతిఫలం ఉండాలి, అందుకే హెచ్చుతగ్గులు అంటాడు ఎల్డ్రిడ్జ్. ఆయనకి ఈ కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు డీన్‌గా ఉన్నది ఆయన మామగారు. ఆస్తి గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లు మిగతావాళ్ల చెమట పిండుకుంటారు, అందుకే హెచ్చుతగ్గులు అంటుంది ప్రొఫెసర్ స్ట్రాండ్. ఆవిడ వంటింట్లో కొత్త గ్రానైట్ వేయించుకుంటోంది. పనివాళ్లు తొమ్మిదింటికి రమ్మంటే పదింటికి వస్తున్నారని దారంతా చెప్పుకొచ్చింది.

ట్రూడీ లెక్చర్లో ఇద్దరికీ చెరి సగం పంచింది. పెళ్లిభోజనంలో వడ్డించినట్టు, ఎవరికీ తక్కువ కాకుండా.

ముగ్గురూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. బయట మార్చినెల మంచు బురదైపోయింది. నల్ల ఏప్రన్ కట్టుకున్న వెయిట్రెస్ వచ్చింది. అరవై దగ్గర పడుతున్న మనిషి, జేబులో పెన్ను, మోకాలికి పట్టీ.

ట్రూడీ మెనూ వెనక మొహం దాచుకుంది. ఆమె లోరెట్టా.

టొలీడోలో పెళ్లిళ్ల హాల్లో ఇద్దరూ కలిసి ఆరేళ్లు వడ్డించారు. పెళ్లికూతురు ఏడిస్తే నాప్కిన్ అందించేది లోరెట్టా. ట్రూడీకి జ్వరమొస్తే ఆమె బల్లలు కూడా చూసుకునేది లోరెట్టా. పీహెచ్‌డీ ఫీజుకి ఆ హాల్లో మోసిన పళ్లేలే దిక్కు. కానీ ట్రూడీ బయోడేటాలో ఆ ఆరేళ్లూ లేవు. వాటి స్థానంలో 'స్వతంత్ర పరిశోధన' అని ఉంది.

లోరెట్టా ఒక్కసారి ట్రూడీ కోటు చూసింది, పక్కనున్న ఇద్దరినీ చూసింది. అంతే, అర్థం చేసుకుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"ఏం తెమ్మంటారు బంగారం?" అంది ఎల్డ్రిడ్జ్‌తో.

"శుక్రవారం కదా, చేపే" అన్నాడు ఆయన.

"ఈస్టర్ ముందు శుక్రవారమని ఊరంతా చేప తింటే నేనూ తినాలా?" అంది స్ట్రాండ్, మెనూ మీంచి తల ఎత్తకుండా. "చర్చి వాళ్లు నా పళ్లెంలో కూడా చెయ్యి పెడతారా? కోడి తీసుకురా."

ఎల్డ్రిడ్జ్ గట్టిగా నవ్వాడు.

"మీకేంటి మేడమ్?" అంది లోరెట్టా ట్రూడీతో.

ఆ 'మేడమ్' ట్రూడీకి పుచ్చుపన్నులో చల్లనీళ్లు తగిలినట్టు తగిలింది. "ఆమ్లెట్" అంది.

పావుగంటకి పళ్లేలొచ్చాయి. ఎల్డ్రిడ్జ్ ముందు చేప బంగారు రంగులో కరకరలాడుతోంది, పక్కన నిమ్మచెక్క. స్ట్రాండ్ ముందు కోడి నీరసంగా పడుకుని ఉంది. స్ట్రాండ్ ఆ పళ్లెం చూసింది. ఈ పళ్లెం చూసింది.

"నేను చేప చెప్పాను" అంది.

"కోడి అన్నారు బంగారం" అంది లోరెట్టా.

"నేనేం చెప్పానో నాకు తెలియదా?"

"పర్లేదు, మార్చి తెస్తాను."

"మార్చడం సంగతి కాదు. నేను అననిది అన్నానంటున్నావు చూడు, దాని సంగతి."

గొంతు లేచేసరికి మేనేజర్ వచ్చాడు. పాతికేళ్లవాడు, వాడి టై మటుకు నలభై ఏళ్లది. "లోరెట్టా, ఈ నెలలో నీ మీద రెండు కాగితాలు రాశాను" అన్నాడు మెల్లగా, అందరికీ వినపడేలా. "మూడోది రాస్తే ఇక రానక్కర్లేదు. నీకు తెలుసుగా."

"తెలుసు బాబూ."

మేనేజర్ బల్ల వైపు తిరిగాడు. "మీలో ఎవరైనా విన్నారా, ఏం చెప్పారో?"

ఎల్డ్రిడ్జ్ నాప్కిన్‌ని నాలుగు మడతలు పెట్టాడు. "చేప అన్నట్టే గుర్తు" అన్నాడు. పదకొండేళ్లలో ఆ ఇద్దరూ ఏకీభవించడం అదే మొదటిసారి.

ట్రూడీ నోరు తెరిచింది. ఎదురుగా నిలబడ్డ లోరెట్టా తల అడ్డంగా ఊపింది. ఎవరికీ కనపడనంత కొంచెం. హాల్లో పెళ్లికొడుకు తరఫువాళ్లు తాగి గొడవ చేస్తుంటే 'నువ్వు ఆ బల్లకి వెళ్లకు, నేను చూస్తా' అనడానికి ఊపేది, అదే ఊపు.

"నాదే పొరపాటు" అంది లోరెట్టా గబుక్కున. "వయసు మీద పడింది, చెవులు సరిగ్గా వినపడట్లేదు."

"ఆమెని ఏమీ అనకండి" అంది స్ట్రాండ్ మేనేజర్‌తో. "ఇది వ్యవస్థ తప్పు. మీరు రాయాల్సిన కాగితం మీరు రాసుకోండి, కానీ ఆమెని తిట్టకండి."

మేనేజర్ కాగితం కోసం వెళ్లాడు. లోరెట్టా కోడి పళ్లెం తీసుకుని వంటింటి వైపు నడిచింది. పట్టీ కట్టిన కాలు కొంచెం ఈడుస్తోంది. ట్రూడీ ఆమ్లెట్ ముక్క కుడివైపు పెట్టుకుంది. నమలడం మర్చిపోయింది.

"చూశారా, నేను చెప్పేది ఇదే" అన్నాడు ఎల్డ్రిడ్జ్, చేప మీద నిమ్మకాయ పిండుతూ. "చిన్న పనికైనా ఏకాగ్రత కావాలి. అది ఉన్నవాళ్లు పైకొస్తారు, లేనివాళ్లు ఉన్నచోటే ఉంటారు."

"నాన్సెన్స్. ఆవిణ్ణి పన్నెండు గంటలు నిలబెట్టి పని చేయిస్తే ఏకాగ్రత ఎక్కడినుంచి వస్తుంది? అలసటే శ్రమదోపిడీకి రుజువు" అంది స్ట్రాండ్.

"అలసిపోని వెయిట్రెస్‌లు లేరా?"

"వాళ్లకి ఇంకా తెలియలేదంతే."

ఇలా ఇద్దరూ పది నిమిషాలపాటు, రెండు సిద్ధాంతాల ప్రకారం, లోరెట్టా చెయ్యని తప్పు ఎందుకు చేసిందో వివరించారు. వాదన బాగానే సాగింది. లోరెట్టా వేడివేడి చేప తెచ్చి పెట్టింది. స్ట్రాండ్ థాంక్స్ చెప్పింది, ఉప్పు అడిగింది, చేప మొత్తం తినేసింది. ట్రూడీ టేబుల్ కింద గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటూ కూర్చుంది. ఇంకో అరగంట ఓపిక పడితే చాలు. పన్ను, ఆగస్టు, సొంత గది, తలుపు మీద పేరు. అరగంట.

"సరే ట్రూడీ" అన్నాడు ఎల్డ్రిడ్జ్, ఫోర్కు కింద పెట్టి. "పొద్దున మమ్మల్నిద్దర్నీ మంచి చేసుకున్నారు. ఇప్పుడు దాక్కోడానికి బోర్డు లేదు. వర్గాలు ఎందుకున్నాయి? ఒక్కటే చెప్పండి. నాదా, ఆవిడదా అనకుండా మీ సొంతది."

"అవును, తెలుసుకోవాలి మాకూ" అంది స్ట్రాండ్ నవ్వుతూ.

ట్రూడీ జవాబు కోసం వెతుక్కుంది. మెత్తటి వాక్యం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది: రెండు దృక్పథాల మధ్య సంభాషణ జరగాలి, వగైరా. అప్పుడు గమనించింది, ఇద్దరూ తన చేతుల వైపు చూస్తున్నారు.

తినేసిన పళ్లేలు ఆమె ఎడమచేతి మీదున్నాయి. ఒకటి అరచేతిలో, ఒకటి మణికట్టు మీద, ఇంకొకటి మోచేతి మడతలో. మిగిలిన ముక్కలన్నీ పై పళ్లెంలోకి తోసేసి, ఫోర్కులు ఒకవైపు సర్దేసింది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. అలా పేర్చడం పుస్తకాల్లో నేర్పరు.

"మీరు... వడ్డించేవారా?" అంది స్ట్రాండ్.

"ఆరేళ్లు. ఆ లోరెట్టాతోనే" అంది ట్రూడీ. "మీరు కోడి అన్నారు."

ఎల్డ్రిడ్జ్ మడిచిన నాప్కిన్ మళ్లీ విప్పాడు.

"చర్చి వాళ్లు మీ పళ్లెంలో చెయ్యి పెడతారా అన్నారు. ఆయన నవ్వారు కూడా" అంది ట్రూడీ. చేతి మీద పళ్లేలు కదల్లేదు. చేతికి అలవాటు. "వర్గాలు ఎందుకున్నాయని అడిగారుగా. మీరిద్దరూ చేప అన్నారు. కోడి అని విన్న మేమిద్దరం నోరు మూసుకున్నాం. ఒకామెకి ఈ ఉద్యోగం పోకూడదని, నాకు మీ ఉద్యోగం రావాలని. నా సొంత సిద్ధాంతం ఇంతే, ఇంకా దీనికి పేరు పెట్టలేదు."

మేనేజర్ కాగితంతో వచ్చాడు. "ఆ కాగితం చింపెయ్ బాబూ" అంది ట్రూడీ లేచి. "ఆవిడ కోడి అన్నది నా చెవులతో విన్నాను. కావాలంటే సంతకం పెడతా."

మేనేజర్ స్ట్రాండ్ వైపు చూశాడు. స్ట్రాండ్ కిటికీలోంచి బురద వైపు చూసింది. మేనేజర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉదాహరణ బాగుంది" అంది స్ట్రాండ్, ఎల్డ్రిడ్జ్‌తో. "నా కొత్త పుస్తకంలో వాడుకోవచ్చు."

"బాగుంది" అన్నాడు ఎల్డ్రిడ్జ్ గొంతు తగ్గించి. "కానీ మన డిపార్ట్‌మెంటుకి సరిపడదేమో."

"నాకూ అదే అనిపిస్తోంది."

అరగంటలో రెండోసారి.

ఆ మాటలు ట్రూడీ వీపుకి వినపడ్డాయి. వంటింటి స్వింగు తలుపు భుజంతో తోసుకుని లోపలికెళ్లింది. లోరెట్టా గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడి ఉంది.

"పిచ్చిమొహమా, వద్దని తల ఊపాను కదే" అంది లోరెట్టా. "పోగొట్టుకున్నావా?"

"పోయినట్టే."

లోరెట్టా ట్రూడీ ఎడమచేతి వైపు చూసింది, లెక్కపెట్టింది.

"మూడేనా?" అంది. "నాలుగు పట్టేదానివి. చదువుకుని పాడైపోయావే." అని పై పళ్లెం అందుకుంది.