గవ్వలదిబ్బ తాబేళ్లను చంపిందెవరు?

"చేతులు వెనక్కి పెట్టరా!"

అటవీశాఖ జవాను ఒకడు ముత్తయ్య మణికట్లకు తాడు బిగిస్తున్నాడు. ముత్తయ్య ఎదురు తిరగలేదు. అతని భార్య దానమ్మ ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంటోంది.

పడవ ఒడ్డుకు తగలకముందే శేషారత్నం మోకాలి లోతు నీళ్లలోకి దూకేసింది.

"ఆగండి! అతన్నెందుకు కడుతున్నారు?"

"రండి మేడమ్," అన్నాడు రేంజరు నరసింహారావు. "దొంగ దొరికాడు. రేపల్లె తీసుకెళ్లి కేసు పెట్టడమే మిగిలింది."

శేషారత్నం తెనాలిలో జువాలజీ లెక్చరర్. నిజాంపట్నం అవతల, ఏటిపాయకూ సముద్రానికీ నడుమ పిడికెడు ఇసుకలంక ఈ గవ్వలదిబ్బ. ఏటా చలికాలంలో సముద్రపు తాబేళ్లు ఇక్కడికొచ్చి గుడ్లు పెట్టిపోతాయి. కుక్కల పాలు కాకుండా ఆ గుడ్లను వెంటనే ఏరి, దడి కట్టిన చోట గుంటలు తీసి పూడ్చి కాపలా కాయడం ముత్తయ్య పని. పుట్టిన పిల్లల్ని లెక్కబెట్టి సముద్రంలోకి వదలడం శేషారత్నం పని.

ఈ ఏడు లెక్కబెట్టడానికి పిల్లే లేదు. ముందు వరస గుంటల గడువు దాటినా ఇసుక కదల్లేదు. ఒకటి తవ్వితే కుళ్లిన గుడ్లు.

తాబేలే పుట్టని దిబ్బకు రక్షణ దేనికని పైవాళ్లు నిన్ననే తేల్చేశారు. దిబ్బ రొయ్యల చెరువులకు పోతుంది. తొంభై నాలుగులో, ఎకరం ఉప్పునేల కోసం జనం కొట్టుకు చస్తున్న రోజుల్లో, అలా పోయిన నేల వెనక్కి రాదు. శేషారత్నం దిబ్బ మీద ఆశ వదిలేసుకునే పడవెక్కింది. ఇక ఆమె కాపాడగలిగింది ముత్తయ్య ఒక్కడినే. అదీ అవతలి ఒడ్డున జీపు ఎక్కించేలోపు.

"దొంగ అని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను రత్నం."

రేంజరు వెనక నుంచి గౌరీశంకరం ముందుకొచ్చాడు. ఆమె పెదనాన్న. బాపట్లలో సంస్కృతం మాస్టారుగా రిటైరైన మనిషి. పదేళ్లు ఆఫీసుల చుట్టూ చెప్పులరగదీసి ఈ దిబ్బకు రక్షణ తెప్పించింది ఆయనే. చిన్నప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని మొదటి తాబేలును చూపించిందీ ఆయనే. ఇవాళ ఆయన కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"రొయ్యల బసవపున్నయ్య వీణ్ణి కొనేశాడమ్మా. గుంటల్లో మందు కలిపించాడు. నేను వేయించిన ఉద్యోగం! నా చేత్తో అన్నం పెట్టాను వీడికి!"

ముత్తయ్య తల ఇంకాస్త దించుకున్నాడు. ఆయన ముఖం వైపు మాత్రం చూడలేదు.

"ఏంటి ముత్తయ్యా, నిజమేనా?"

"తవరికి తెలవందేముందమ్మా," అన్నాడతను, అంతే.

"నా మొగుడు చీమను చంపడమ్మా!" దానమ్మ ఆమె కాళ్లు పట్టుకుంది. "రండి, గుంటలు మీరే చూడండి!"

"ఒక్క పావుగంట ఇవ్వండి సార్," అంది శేషారత్నం.

రేంజరు వాచీ చూసుకుని సరేనన్నాడు.

దడి లోపల మొదటి వరసలో గుంట తవ్వగానే గప్పున కంపు కొట్టింది. శేషారత్నం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైనున్న గుడ్లు కొన్ని బయటికి తీసింది. మందు వాసన లేదు. ప్రతి గుడ్డు మీదా సన్నగా నల్లటి గీత ఉంది.

"ఈ గీతలేంటి దానమ్మా?"

"బొగ్గుతో నేనే పెట్టానమ్మా. కోడిని పొదగేసేటప్పుడు గుడ్డు గుడ్డుకీ గీత పెట్టమూ? లేకపోతే కొత్త గుడ్డేదో పొదగేసిందేదో ఎట్టా తెలుస్తది? మా అమ్మ పెట్టేది, నేనూ పెడతా. కోడైనా తాబేలైనా గుడ్డు గుడ్డే కదమ్మా."

"గీత ఎటువైపు ఉండేట్టు పెట్టావు?"

"పైకే. గుంటలో సర్దుకుంటా పెట్టుకుంటా పోయా."

శేషారత్నం గుంటలో మిగిలిన గుడ్లను తొంగి చూసింది. గీత కొన్నిటికి పక్కకుంది, కొన్నిటికి అడుగునుంది. పైకి ఉన్నది ఎక్కడో ఒకటి. రెండో గుంటా అంతే. మూడోదీ అంతే. దడి మూలన, చేతికందని చోట ఒక్క గుంట మిగిలింది. దాన్ని ఆమె గోళ్లతో మెల్లగా తోడింది. గీతలన్నీ ఆకాశం వైపు చూస్తున్నాయి. పై గుడ్డు పెంకు కింద ఏదో కదిలింది.

ఆమె అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. మందు కాదు. మందైతే ఈ మూల గుంట మాత్రం బతికేది కాదు. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పైపెంకుకు అంటుకుంటుంది. ఆ తర్వాత దాన్ని తిరగేస్తే చచ్చిపోతుంది. ఎవరో ముందు వరసలన్నీ తవ్వి, గుడ్లు బయటికి తీసి, మళ్లీ ఎలా పడితే అలా పూడ్చారు.

ఆ మాటే రేంజరుతో చెప్పింది.

"అయితే మాత్రం? దడి తాళం ఇతని దగ్గరే కదా మేడమ్. తవ్వింది ఇతనేనంటాను. కాదంటే ఎవరో పేరు చెప్పండి."

అంతలో మోటారు పడవ వచ్చి ఆగింది. తెల్ల చొక్కా, చంకలో సంచి, వెనక కొలత గొలుసు పట్టుకున్న మనుషులతో బసవపున్నయ్య దిగాడు. నిన్న దిబ్బ పోయింది, ఇవాళ కొలతలు.

"వచ్చాడండీ హంతకుడు!" గౌరీశంకరం వేలు చూపించాడు.

"నోరు జాగ్రత్త మాస్టారూ! హంతకుణ్ణయితే నన్ను చుట్టంలా పిలిచి మరీ చూపించారేంటండీ?"

శేషారత్నం చటుక్కున తల తిప్పింది. "ఏం చూపించారు?"

"గుడ్లమ్మా. పోయిన నెల్లో ఓ ఆదివారం. మీ పెదనాన్నగారు నా దోసిట్లో గుడ్డు పెట్టి, 'పున్నయ్యా, ఇందులో ప్రాణముంది, ఇక్కడ చెరువు తవ్వకయ్యా' అని ఏడ్చేశారు. అబద్ధమెందుకు, నాకూ జాలేసింది. చెరువు సంగతి వేరనుకోండి. నేనొక్కణ్ణేనా? పొన్నూరు మిల్లుల వాళ్లు, రేపల్లె ప్లీడర్లు, ఆదివారమొస్తే పడవ నిండా జనమేగా! దిబ్బ తరఫున పైవాళ్లకు చెప్తారని అందరి చేతుల్లోనూ తలా ఒక గుడ్డు పెట్టేవారు. ఏం ముత్తయ్యా, తాళం తీసింది నువ్వేగా?"

ముత్తయ్య కళ్లు మూసుకున్నాడు. "అమ్మాయిగారితో చెప్పొద్దన్నారయ్యగారు. కంగారు పడతదన్నారు," అన్నాడు.

గౌరీశంకరం మూల గుంట వైపు చూశాడు, కుళ్లిన గుడ్ల కుప్ప వైపు చూశాడు. ఆయన ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"ఒక్క నిమిషమే కదమ్మా తీసింది," అన్నాడు. "పూవులా పట్టుకోమనేవాణ్ణి. చూపించకపోతే ఎవరు నమ్ముతారు, ఎవరు మాట సాయం చేస్తారు?"

"ముట్టుకోవద్దన్నాను పెదనాన్నా. ఏటా చెప్పాను."

ఆయన దగ్గరకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"దిబ్బ ఎలాగూ పోయింది రత్నం. ఇంక నా పేరు బయటపెట్టి ఏం లాభం? నలుగురూ నవ్వుతారు. ముత్తయ్యకు నేను ప్లీడర్ని పెడతాను. నాలుగు రోజుల్లో వచ్చేస్తాడు. నేను... ఈ వయసులో..."

దానమ్మ ఏడుపు ఆపి వింటోంది. ముత్తయ్య ఇప్పటికీ ఆయన వైపు చూడలేదు.

"మేడమ్, అవతల జీపు వెయిటింగ్," అన్నాడు రేంజరు. "మాటలు చాలా విన్నాను. పున్నయ్య గారికి ఈ దిబ్బ కావాలి, ముత్తయ్యకు జైలు తప్పాలి, వాళ్లేమైనా చెప్తారు. మీరు చెప్తేనే రాసుకుంటాను. ఎవరు?"

శేషారత్నం పెదనాన్న చేతిని తన చేతి మీది నుంచి తీసేసింది.

"తాడు విప్పమనండి సార్. ఇతను కాదు, పున్నయ్యా కాదు. తాబేళ్లను చంపింది గౌరీశంకరం గారు. మా పెదనాన్న."