నల్లగా పడాల్సిన చోట

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. పల్చటి ప్లాస్టిక్ రేకు మీద వెండి లవణం పూసి, వెలుగు సోకకుండా పెట్టెలో పెట్టి నన్ను అమ్మారు. అద్దంలో ముఖం చూసుకోవడానికి మనుషులకు పొద్దంతా తీరికే. లోపలి సంగతి చూపించే నన్ను మాత్రం ఒక్కసారి చూసి ఏ మంచం కిందికో తోసేస్తారు.

నా మీద ఉన్నది చెంచయ్య ఛాతీ. గూడూరు దగ్గర తెల్లరాయిని పిండి చేసే మిల్లులో అతను బస్తాలు నింపేవాడు. దగ్గు ముదిరి ఆయాసం ఎక్కువయ్యాక, మిల్లు వాళ్ళు తమ డాక్టరు రఘురామయ్య దగ్గరికి పంపారు. చొక్కా విప్పి, ఊపిరి బిగబట్టి చెంచయ్య నా ముందు నిలబడ్డాడు.

ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది గనుక ఆ చోటు నా మీద నల్లగా పడాలి. చెంచయ్యకు రెండు పక్కలా, పైభాగాల్లో, తెల్లటి రవ్వ చల్లినట్టు పడింది. రఘురామయ్య నన్ను దీపపు పెట్టెకు తగిలించాడు. అతని వేలు ఆ చుక్కల మీద ఆగింది. అతనికి అర్థమైంది. అయినా నన్ను తీసి చెంచయ్య భార్య పెంచలమ్మ చేతిలో పెట్టి, "క్షయ. అంటుకుంటుంది. పిల్లను దగ్గరికి రానీకండి" అన్నాడు.

రాతి దుమ్ము అంటే తప్పు మిల్లుది. క్షయ అంటే తప్పు చెంచయ్య తలరాతది.

ఆ మాట చేసిన పని నేను ఇంటి చూరులో నుంచి చూశాను. చెంచయ్య కంచం వేరైంది. అతను తాగిన గ్లాసును ఇరుగుపొరుగు పారేశారు. అప్పుడే నడక నేర్చిన కూతురు సుగుణ "నాయనా" అంటూ వస్తే, చేతులు వెనక్కి పెట్టుకుని "రావద్దు తల్లీ, పో" అనేవాడు. మాత్రలు మింగాడు, తగ్గలేదు. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే ప్రాణం వదిలాడు. బిడ్డను మాత్రం ఎత్తుకోలేదు.

పొగచూరుతూ నేను ఒకటే కోరుకున్నాను. రఘురామయ్య కళ్ళ ముందు మళ్ళీ వేలాడాలి.

కొన్నాళ్ళకు సుగుణ దగ్గింది. పెంచలమ్మ హడలిపోయి, నన్ను చుట్టి చంకలో పెట్టుకుని, పిల్లను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. పిల్లకు ఏమీ లేదని తేల్చిన డాక్టరు నస్రీన్ నన్ను చూసి ఆగిపోయింది.

"ఈయన కఫంలో ఎప్పుడైనా క్రిములు కనబడ్డాయా?"

"లేదమ్మా. చూసినప్పుడల్లా లేవనే అన్న్యారు."

"ఏం పని?"

"రాతిపిండి మిల్లులో."

"ఫిల్ము ఒక్కదాన్ని చూసి తేల్చకూడదు. కానీ ఆ పని, క్రిమి లేని కఫం, రెండు పక్కలా ఈ చుక్కలు, ఈ గ్రంథుల చుట్టూ గుడ్డు పెంకులాంటి తెల్ల అంచు, అన్నీ కలిపి చూస్తే ఇది క్షయ కాదమ్మా. రాతి దుమ్ము జబ్బు, సిలికోసిస్."

"అది అంటుకుంటదా?"

"అంటుకోదు."

పెంచలమ్మ సుగుణను దగ్గరికి లాక్కుంది. "అంటుకోదా? మరి నా మొగుడు బిడ్డను ఎత్తుకోకుండానే పొయ్యాడే!"

నస్రీన్ రాసిన ఫిర్యాదుతో కలెక్టరు ఆఫీసులో విచారణ జరిగింది. నా కోరిక తీరింది. రఘురామయ్య ఎదుట నన్ను వెలుగుకు తగిలించారు.

"ఫిల్ము పాతబడింది, స్పష్టంగా లేదు" అని గొణిగాడు. పొగచూరినా ఒక్క చుక్కను కూడా నేను చెరగనివ్వలేదు.

పెంచలమ్మ లేచింది. "సార్" అని పిలిచిన నోరు "నువ్వు" అంది. "నువ్వే చదువు. ఏందది?"

అతని వేలు మళ్ళీ ఆ చుక్కల మీద ఆగింది. "రాతి దుమ్ము."

"ఆ పొద్దు తెలవదా?"

"తెలుసు" అన్నాడు.

మిల్లు మూతపడింది. అతని డాక్టరీ పోయింది. పెంచలమ్మకు అది చాలలేదు, నాకూ చాలలేదు. "నా బిడ్డను తండ్రికి దూరం చేసిన నోటితోనే మా వీధిలో చెప్పాల" అని పట్టుబట్టింది. అతని ఇంటి బయట మిల్లు కూలీలంతా నిలబడి ఉన్నారు. రానని చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

మిట్టమధ్యాహ్నం, గ్లాసు పారేసిన మొదటి ఇంటి ముందు అతన్ని నిలబెట్టింది. నన్ను ఎండకు ఎత్తి పట్టుకుంది. పక్కన సుగుణ.

"చెంచయ్యకు అంటురోగం లేదు. నేను అబద్ధం చెప్పాను."

"గట్టిగా చెప్పు. లోపలోళ్ళకు వినపడలా."

మళ్ళీ చెప్పాడు. అతని మెడ మీద చెమట కారింది. నాకు జాలి కలగలేదు. ఆ వీధిలో ఇంకా చాలా గడపలున్నాయి.