కాలువ గట్టు మీద పందిరి

ఉమాశ్రీ ఆర్కిటెక్టు. వెదురుతో, గడ్డితో, నీళ్ళలో పెరిగే మొక్కలతో జనం కూర్చునే చోట్లు కట్టి, కొన్నాళ్ళకు తానే విప్పేసేది. ఈలోగా ఆ చోటు మీద జనానికి మమకారం పుడుతుందని ఆమె నమ్మకం.

భీమవరం అవతల ఒక ఊళ్ళో మురుగు కాలువ గట్టు మీద ఆడవాళ్ళు ఎండలో కూర్చుని చేపలమ్మేవారు. ఉమాశ్రీ అక్కడ వెదురు పందిరి వేసింది. నీళ్ళ మీద తేలే తడికెలు అల్లించి, మురికిని పట్టుకోవడానికి వాటిలో జమ్ము నాటింది. వేసవి అయ్యేదాకా ఉంచుకోమని డ్రైనేజీ ఆఫీసువాళ్ళు అనుమతి ఇచ్చారు.

మొదట్లో నవ్వినవాళ్ళే సాయంత్రాలు అక్కడ చేరడం మొదలుపెట్టారు. నీళ్ళు కాస్త తేటపడ్డాయి. పేపర్లో ఫోటోలు వచ్చాయి.

"నీడన కూర్చుని అమ్మడం నాకిదే మొదలండి," అంది చేపలమ్మేవాళ్ళందరిలోకీ పెద్దదైన మరిడమ్మ.

అంతలో ఎగువన రొయ్యల చెరువులకు తెగులు తగిలింది. చెరువులవాళ్ళు ఆ నీళ్ళన్నీ కాలువలోకి వదిలేశారు. జమ్ము కుళ్ళిపోయింది. చచ్చిన చేపలు తడికెల దగ్గర పేరుకుని ఊరంతా కంపు. పందిరి వల్లే మురుగు నిలిచిపోయిందన్నారు జనం.

డ్రైనేజీ ఆఫీసు ఇంజనీరు ఉదయభాస్కర్ పందిరి తీయించడానికి జేసీబీతో వచ్చాడు.

"ఈ కంపు చెరువుల నుంచి వచ్చిందండి. కావాలంటే వీళ్ళనడగండి," అంది ఉమాశ్రీ.

మరిడమ్మ కొడుక్కి ఆ చెరువుల మీదే కాపలా పని. ఆమె తల దించుకుంది. "మాకేం తెలీదండి," అంది.

పందిరి కూలింది. ఎలాగూ విప్పేదే కదా అని ఉమాశ్రీ సర్దుకోబోయింది. కానీ ఆ వారమే గట్టు పొడవునా ఇనుప కంచె వేశారు.

"పేపర్లో ఫోటోలు చూసి పైవాళ్ళు అడిగారండి, గట్టు మీద వ్యాపారానికి పర్మిషన్ ఎవరిచ్చారని," అన్నాడు ఉదయభాస్కర్ మర్యాదగానే. "నేనేం చెయ్యను?"

ఉమాశ్రీ ఆఫీసు చుట్టూ తిరిగింది. కంచె తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం మరిడమ్మ వీధిలో కనబడింది. నెత్తిన గంప, వాచిన కాళ్ళు. నాలుగడుగులకోసారి గోడ పట్టుకుని ఆగుతోంది.

"వేరే చోటు చూస్తాను మరిడమ్మగారూ. మళ్ళీ కడతాను."

"వద్దమ్మా. మేం ఎవరి కంటా పడకుండా ఉన్నన్నాళ్ళూ మా మానాన మేం బతికాం."

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండుననిపించింది ఉమాశ్రీకి. మరిడమ్మ గంప సర్దుకుని, చేపలండీ అని కేకవేస్తూ పక్క సందులోకి తిరిగింది.

ఉమాశ్రీ ఇప్పుడు విశాఖలో ఒక బిల్డర్ దగ్గర అపార్ట్‌మెంట్ల ప్లాన్లు గీస్తోంది. పందిరి గురించి ఎవరైనా అడిగితే, పడిపోయిందండి అని ఊరుకుంటుంది.