పది లెక్కపెట్టేదాకా

"నా నీలం చొక్కా..." అని భర్త నోరు తెరిచాడో లేదో, "రెండో అరలో, తువ్వాళ్ళ కింద" అని వంటింట్లోంచే చెప్పేసింది సైన్సు టీచరు. ఆ వెనకే అత్తగారు "అమ్మాయ్, నా కళ్ళజోడు" అంది. "తలమీదే ఉంది అత్తయ్యా." ఆ ఇంట్లో ప్రశ్న పూర్తి కాకముందే జవాబు తయారు. పదహారేళ్ళ అలవాటు మరి.

బడిలోనూ అదే చేసేది. నిరుడు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన పెద్దావిడ వెనక బెంచీలో కూర్చుని, వాచీ చూసుకుంటూ పాఠమంతా విని, చివర్లో మెల్లగా అంది. "ప్రశ్న బాగా అడుగుతావమ్మా. పిల్లలు ఆలోచించేలోపే జవాబూ నువ్వే చెప్పేస్తున్నావు. ఇక వాళ్ళకేం మిగిలింది?" టీచరుకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి ప్రశ్న అడగడం, పెదవి బిగబట్టి మనసులో పది లెక్కపెట్టడం. మొదట్లో ప్రాణం మీదికొచ్చేది. "ఎండ లేకపోయినా తడిగుడ్డ ఎలా ఆరింది?" అని అడిగిన రోజున, ఏడాదంతా నోరు విప్పని చివరి బెంచీ పిల్ల తొమ్మిదో అంకె దగ్గర లేచి, "గాలి పట్టుకెళ్ళిందేమో టీచర్" అంది. ఆ పిల్లను గుండెలకు హత్తుకోవాలనిపించింది.

ఇప్పుడు ఆ పెద్దావిడే కబురు పంపింది, పక్క ఊళ్ళో ఆరు రోజులుండి అక్కడి టీచర్లకు ఇలా ప్రశ్న అడిగి ఆగడం నేర్పమని. ఇవాళే ఏదో ఒకటి చెప్పాలి. ఆర్నెల్ల క్రితం ఇలాగే పిలిస్తే, ఎవరూ వద్దనకముందే "కుదరదండీ" అని తనే రాసి పంపింది. "భేషుగ్గా వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు భర్త నిన్న, నిజంగా మురిసిపోతూనే. "కాకపోతే ఇంటి సంగతేదో చూసి వెళ్ళు." మంచివాడే. మంచివాడు కాబట్టే ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో చెప్పుకోవడం కష్టం. ఇంటి సంగతి చూడటం తన పుట్టుమచ్చలాంటిదని ఎప్పుడు తేల్చారో, ఎవరు తేల్చారో.

"ఆ ఆరు రోజులూ వంట ఎవరు చేస్తారు?" అంది, పళ్ళేలు పెడుతూ. 'పోనీలెండి, నేనే ఏదో వండిపెట్టి వెళ్తాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి బిగబట్టింది.

ఒకటి. రెండు. భర్త తల్లివైపు చూశాడు.

"నన్ను చూడకురా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదూ?" అంది అత్తగారు.

అయిదు. ఆరు. అతను గ్లాసు అటు జరిపి ఇటు జరిపాడు. తొమ్మిది.

"అయితే... నేనే చేస్తాలే."

అత్తగారికి పొలమారింది. టీచరు అక్కడే నిలబడి ఫోను తీసి, 'వస్తున్నాను' అని పంపేసింది.

"ఇంతకీ, గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని పొయ్యాలి?" అన్నాడతను, బిక్కమొహం వేసి.

జవాబు మళ్ళీ నోటిదాకా వచ్చింది. అతన్ని చూస్తే ముద్దొచ్చింది కూడా.

"మీరేమనుకుంటున్నారు?" అని అడిగి, ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.