గేటు లోపల అలేనా

లిబూషె రిటైరయ్యే దాకా చెక్ దేశంలో ఓలొమౌత్స్ అనే ఊళ్లో రైల్వే ఆఫీసులో పనిచేసింది. ప్రయాణమంటే అన్నీ ఆమే చూసుకోవాలి. ఇద్దరూ చూడబోయే లిస్బన్‌లో ఏ పూట ఏ చర్చికి వెళ్లాలో, ఏ సందులోకి వెళ్లకూడదో కూడా ఆమే తేల్చింది. చెల్లెలు అలేనా సరేనంది. మొగుడితో విడిపోయినప్పటి నుంచి అక్క ఇంట్లోనే ఉంటోంది కాబట్టి, సరేననడం ఆమెకు అలవాటైపోయింది.

హోటల్లో దిగగానే లిబూషె ఇద్దరి పాస్‌పోర్టులు, డబ్బు, కార్డులు గుడ్డసంచిలో పెట్టి జాకెట్టు కింద నడుముకు కట్టుకుంది. చెల్లెలి ఫోను కోసం చెయ్యి చాపింది.

"ఫోను కూడానా అక్కా?"

"నీ చేతిలో ఏదీ నిలవదు. ప్రాగ్ ట్రాములో గొడుగు వదిలేసింది ఎవరు?"

"అది ఎప్పటి మాట!"

"దొరికిందా మరి?"

ఆ తర్వాత రోజులన్నీ చెల్లెలి మోచెయ్యి అక్క చేతిలోనే. అలేనా ఒక కొట్టు ముందు ఆగితే లాగేది. కాల్చిన చేపల వాసనకు తల తిప్పితే, "బజార్లో తింటే కడుపు పాడవుతుంది" అనేది.

ఒక ఉదయం మ్యూజియానికి వెళ్లడానికి మెట్రో స్టేషన్‌కు వచ్చారు. రైలు కిక్కిరిసి ఉంది. ముందు లిబూషె ఎక్కింది. పెట్టెలతో ఒక కుటుంబం మధ్యలో దూరింది. అలేనా అడుగు పెట్టేలోగా తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక అక్క ఒక చేత్తో తలుపు కొడుతూ, రెండో చెయ్యి నడుము మీంచి తియ్యలేదు. రైలు కదిలిపోయింది.

అక్క వెనక్కి వస్తుందని అలేనా అక్కడే నిలబడింది. ఎన్నో రైళ్లు వచ్చి వెళ్లాయి. కాళ్లు పీకుతున్నా బెంచీ మీద కూర్చోలేదు, అక్కకు కనపడనేమోనని. చివరికి పైకి వెళ్లింది. బయటికి పోవాలన్నా గేటుకు టికెట్టు కార్డు ఆనించాలి. లోపలికొచ్చేటప్పుడు అక్కే ఆనించి తీసేసుకుంది, అది అక్క నడుముకుంది. జనం ఒక్కొక్కరే కార్డు ఆనించి వెలుతురులోకి వెళ్లిపోతున్నారు. గేటు ఇవతల ఆమె అటూ ఇటూ నడిచింది. పెళ్లయిన కొత్తలో బాత్రూంలో చిక్కుకుపోయి, ఎవర్నీ పిలవడానికి సిగ్గుపడి కూర్చున్న రోజు గుర్తొచ్చింది.

చాలాసేపటికి యూనిఫారం వేసుకున్న ఒకామె దగ్గరికెళ్లి, ఖాళీ చేతులు చూపించింది. ఆమె ఏమీ అడగకుండా గేటు తెరిచింది.

హోటల్ పేరు తెలియదు. కింద ఎండుచేపలు వేలాడదీసిన అంగడి ఉందని తెలుసు. ఏటి వైపు దిగుతూ, మళ్లీ ఎక్కుతూ, వాసన పట్టుకుని మధ్యాహ్నానికి చేరింది.

గది తలుపు తట్టితే, లోపల్నుంచి లిబూషె "ఎవరు?" అని మూడుసార్లు అడిగాక గాని తియ్యలేదు.

"ఎక్కడికి పోయావే?"

"నువ్వు వదిలిన చోటే ఉన్నాను. వస్తావనుకున్నా."

లిబూషె మంచం మీద కూలబడింది. "తర్వాతి స్టేషన్లో దిగాను. అందరూ నా నడుము వైపే చూస్తున్నట్టుంది. ఇంక ఆ రైలెక్కలేకపోయాను. టాక్సీలో వచ్చేశాను."

"నన్నక్కడ వదిలేసి?"

"పోగొట్టుకోడానికి నీ దగ్గర ఏమీ లేదు కదే."

అలేనా చెయ్యి చాపింది. "నా పాస్‌పోర్టు, ఫోను, నా డబ్బు ఇయ్యక్కా."

లిబూషె గోడవైపు తిరిగి ముడి విప్పింది.

ఆ రోజు నుంచి లిబూషె గది దాటలేదు. అలేనా ఒక్కతే బయల్దేరింది. మహాసముద్రం చూడాలని ఆమె కోరిక. బస్సులో పోయి రావడానికి పొద్దంతా పడుతుంది.

"ఎప్పుడొస్తావు?" అంది అక్క.

"సాయంత్రానికి."

లిబూషె కిటికీ రెక్కలు మూసింది.

అలేనా బస్టాండు దాకా వెళ్లింది. బస్సు వచ్చింది. డ్రైవరు ఆమె కేసి చూశాడు. చీకటి గదిలో ఏమీ తినకుండా కూర్చున్న అక్కే కళ్లముందు మెదిలింది. అలేనా ఎక్కలేదు, బస్సు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రొట్టె, సూపు పట్టుకుని తిరిగొచ్చింది. తర్వాతి రోజూ అంతే.

"తలుపుకు తాళం వేశావా?" అంది లిబూషె, సూపు తాగుతూ.

"వేశాను," అంది అలేనా.