పెద్దదాన్నే ఏరిన వల

నేను ఒక వలను. బతుకు మొదలుపెట్టిననాడు నా దగ్గర ఉన్నవి నైలాను దారం, అడుగున సీసపు గుళ్లు, పైన బెండు ముక్కలు, మూడు వేళ్లు దూరే కళ్లు. నన్ను అల్లినవాడు నెహెమ్యా, కొల్లేటి ఒడ్డున ఒక చిన్న క్రైస్తవ సంఘానికి పెద్ద. నాకు తెలిసిన వ్యాపారం ఒక్కటే: నీళ్లలో గోడలా నిలబడి లావు చేపను ఆపడం, సన్నదాన్ని పోనివ్వడం.

నెహెమ్యా ఆదివారం బడిలో కొర్రమీను గురించి చెప్పేవాడు. వేసవిలో నీరింకితే అది బురదలో దూరి, తలలో ఉన్న చిన్న గదిలోకి గాలి పీల్చుకుని బతుకుతుంది. "తలకాయలో ఆ గాలి గది కట్టిందెవరర్రా? అదే కట్టుకుందా?" అని అడిగేవాడు. దేవుడని పిల్లలు అరిచేవారు. బయట ఆరుతూ నేనూ వినేదాన్ని. విన్నది నాకు వర్తిస్తుందని తోచలేదు.

కోత పండుగకు ఆ ఊరివాళ్లు ఏటా పట్టినవాటిలో అన్నిటికంటే పెద్ద కొర్రమీనును చర్చికి కానుక తెస్తారు. పదహారేళ్లు నెహెమ్యా చేపదే పైచేయి. ఆ మెప్పులో సగం నాదే అనుకున్నాను. మొదటి ఏడు తెచ్చింది మూరెడు. నిరుడు తెచ్చింది జానెడు.

కాలేజీలో జంతుశాస్త్రం చదివే అతని కూతురు ప్రిస్కిల్ల ఆ జానెడు చేపను ఎత్తి చూసింది.

"లావువన్నీ ఏరి తెచ్చేశావు నాన్నా. సన్నవి మిగిలాయి, వాటికి సన్నవే పుట్టాయి. మా పుస్తకంలో చెప్పే ప్రకృతి వరణం ఇలాంటిదే, ఇక్కడ ఏరింది మన వల."

"అయితే ఇంకో వెయ్యేళ్లు ఏరితే దీనికి కాళ్లొస్తాయంటావా, అమ్మడూ?"

"కాళ్ల సంగతి దేవుడెరుగు. మూరెడు చేప మాత్రం మళ్లీ రాదు."

"ఏరితే కొత్తది పుట్టదే," అన్నాడు నెహెమ్యా. "ఆయన పెట్టిందాంట్లోంచి తరిగిపోద్ది. తరిగింది మన చేతుల్తోనే."

ఈ ఏడు పండుగ ముందు రోజు ఉదయం మూరెడు కొర్రమీను ఒకటి నాకు చిక్కింది. అంతటిది పడి ఏళ్లయింది. దోనెలో ఉన్న తమ్ముడు గమలీయేలు సంబరపడ్డాడు. నెహెమ్యా మాత్రం చేపను తియ్యకుండా కత్తి అందుకున్నాడు.

"తియ్యన్నా. ఉత్తి చేతుల్తో ఎల్తే రేపు నీ పరువేం కాను?"

"పరువు పోతే పోయింది. ఈ సైజు ఇత్తనం పోతే ఆయనకేం సెప్పేదిరా?"

కత్తితో నా దారాలు కోశాడు. చేప నీళ్లలోకి జారింది.

మర్నాడు చేపకు బదులు నన్ను మోసుకెళ్లి ఆరాధన బల్ల ముందు పెట్టాడు. "పెద్దయ్యగారి వల ముసల్దైపోయిందర్రా," అని వెనక ఎవరో అంటే జనం నవ్వారు.

"వల బానే ఉంది," అన్నాడతను తల వంచుకుని. "ఆయన దాచిన ఇత్తనం తీసి ఆయనకే కానుకిచ్చినోణ్ని నేను."

ఇప్పుడు చర్చి వెనక దూలానికి వేలాడుతున్నాను. లెక్క చెప్పమంటే సిగ్గేస్తుంది. పదహారేళ్లలో ఒక్క పొలుసును పుట్టించలేదు. దేవుడు కొర్రమీనుకు మూరెడు ఒళ్లిస్తే, దాన్ని జానెడు చేసి ఆయన ముందే పెట్టించాను. రాబడి అంటారా, తెగిన నాలుగు దారాలు. ఆ సందులోంచి ఒక చేప వెళ్లిపోయింది.